వినోద మాట్లాడని గంట

దక్షిణపు గాలి మళ్ళేసరికి షామియానా కింద కూర్చున్న ఎనిమిది మందిలో ఆరుగురు ఒక్కసారే ముక్కులు మూసుకున్నారు. ఎస్తేరు మూసుకోలేదు. ఎదురు కుర్చీలో ఉన్న వినోద కూడా మూసుకోలేదు. పట్నం చెత్తనంతా తెచ్చి పోసే జవహర్‌నగర్ గుట్టల వాసన అది. మూడు నాలుగేళ్ళుగా ఎస్తేరు వాళ్ళ దండెం మీద ఆరే ప్రతి బట్టలోనూ ఉండేదే. శామీర్‌పేట అవతల కొత్తగా పరిచిన ఈ ఎర్ర ట్రాక్ మీదికి సాయంత్రమయ్యేసరికి అది కూడా వచ్చి కూర్చుంటుందని బయటి రాష్ట్రాల పిల్లలకు ఎవరు చెబుతారు. ఇంత చక్కటి అదను దొరికితే వినోద ఊరుకునే మనిషి కాదు. ఇప్పుడు అంటుంది, ఇదిగో ఇప్పుడే, అనుకుంటూ ఎస్తేరు తనకు తెలియకుండానే చెవి ఒగ్గింది. వినోద ఏమీ అనలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని తన బూట్ల మధ్యనున్న నేలను చూస్తూ కూర్చుంది.

ఆడవాళ్ళ ఎనిమిదొందల మీటర్ల ఫైనల్. మొదట వచ్చిన ఒక్కరికే విదేశం వెళ్ళే జట్టులో చోటని పొద్దున మైకులో రెండుసార్లు చెప్పారు. పరుగుకు ముందు నంబర్లు, బూట్ల కింది మేకులు సరిచూసి అందరినీ ఒకచోట కూర్చోబెట్టడం ఇరవై నిమిషాల పని. టైము తీసే యంత్రం మొరాయించడంతో ఇవాళ అది గంటకు సాగుతోంది. గంటసేపు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చోవడం కన్నా రెండు రౌండ్లు ఉరకడం సులువు. కేరళ అమ్మాయి కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతోంది. పంజాబు పిల్ల తొడల మీద అరచేతులతో కొట్టుకుంటోంది. ఈ ఏడు అందరికన్నా మంచి టైము ఉన్నది కేరళ అమ్మాయికే, దాని తర్వాత ఎస్తేరుకు. ఆ సంగతి నారాయణ సారు పొద్దుటి నుంచి పదిసార్లు చెప్పాడు. శామీర్‌పేట బడిలో డ్రిల్లు సారుగా ఉండగా ఆయనే ఎస్తేరునూ వినోదనూ పరుగులోకి పట్టి తెచ్చాడు. ఇప్పుడు ఎస్తేరు ఒక్కతే ఆయన దగ్గర మిగిలింది. "ఎవరితోని మాట్లాడకు. ఎవరన్న మాట్లాడితె ఇనకు. ఆమెతోనైతే అసలే వద్దు," అన్నాడు. ఆమె అంటే ఎవరో ఇద్దరికీ తెలుసు.

వినోద మాట్లాడకపోవడం ఎస్తేరు ఎప్పుడైనా చూసిందా? కరీంనగర్ రోడ్డు అంచున తెల్లవారుజామున లారీల గాలికి కొట్టుకుపోతూ పది కిలోమీటర్లు ఉరికేటప్పుడు, ఊపిరి అందక ఎస్తేరు కళ్ళు తేలేస్తుంటే, వినోద ముందు ఉరుకుతూ, వెనక్కి తిరిగి మరీ మాట్లాడేది. ఎనకమాల ఎద్దుబండి వస్తున్నది, దాన్నన్న దాటనియ్యకు పిల్లా, అనేది. జింకల పార్కు కంచె పక్కన ఒకరోజు ఒక జింక ఆగి వీళ్ళనే చూస్తే, "ఏందే గట్ల సూస్తున్నవ్, వస్తవా ఎనిమిదొందలకు," అని దాన్నీ పిలిచింది. జింక ఒక్క గంతేసి చెట్లలోకి పోయింది. "ఓడిపోతనని ఎరుకై పోయింది సూడు," అంది వినోద. ఎస్తేరు నవ్వలేక డొక్కలు పట్టుకుని రోడ్డు మీదే కూలబడింది. బెంగళూరులో ఒకసారి ఇదే కేరళ అమ్మాయితో, చిరునవ్వు చెక్కుచెదరకుండా, స్వచ్ఛమైన లాల్‌గడి మలక్‌పేట్ మాటలో, "చెల్లె, ఇయ్యాల నిన్ను ఎంత దూరం ఇడిసిపెడ్తనంటె, నువ్వు ఉత్తరం రాసి నా జాడ అడగాలె," అంది. ఆ అమ్మాయి ఏదో శుభాకాంక్షలు చెబుతోందనుకుని థాంక్యూ అక్కా అని సంచిలోంచి అరటికాయ చిప్సు తీసి ఇచ్చింది. వినోద ఆ చిప్సు తిని ఆ అమ్మాయిని ఓడించింది. సాయంత్రం చిప్సు ఇంకొన్ని అడిగి తెచ్చుకుంది కూడా.

ఆ నోరు ఎక్కడ మొదలైందో ఈ షామియానా కింద ఎస్తేరుకు ఒక్కదానికే తెలుసు. నంబరు కాగితం వీపు మీద గీరుకుంటోంది, పిన్నీసు ఒకటి సరిగా పట్టినట్టు లేదు. ఆ మొదటి మాట నాటికి తనకు పదమూడు, వినోదకు పదహారు. శామీర్‌పేట చుట్టూ అప్పటికి ప్లాట్ల రాళ్ళు పాతలేదు, ఎటు చూసినా ద్రాక్ష పందిళ్ళే. జిల్లా పోటీలు బడి మైదానంలో. పరుగుకు ముందు వినోద కనిపించడం లేదని నారాయణ సారు వెతకమంటే, ఎస్తేరు మైదానం గోడ దూకి పక్క తోటలోకి పోయింది. పందిరి కింద, తీగల చీకట్లో, ఆ పెద్దపిల్ల నేల మీద చేతులానించి కక్కుకుంటోంది. పొద్దున తిన్నదంతా పోయినా ఆగడం లేదు. నడుము ఒంగిపోయి వీపు ఎగిరెగిరి పడుతోంది. ఎస్తేరు ఏం చేయాలో తెలియక వెంట్రుకలు మొహం మీద పడకుండా పట్టుకుంది. వినోద కాలువ నీళ్ళతో పుక్కిలించి, మొహం కడుక్కుని, "భయమైతున్నదే. ఎవ్వలకు చెప్పకు," అంది. తర్వాత గోడ దూకి, సరాసరి వెళ్ళి, వరసలో నిలబడ్డ మేడ్చల్ పిల్లలతో, "మీరు జర ఎనకకు నిలబడుండ్రి, నేను ఉరికితె లేసే దుమ్ము కండ్లల్ల పడ్తది," అంది. అదే మొదటి మాట. మాట బయటికి రాగానే వినోద మొహంలోకి నెత్తురు తిరిగి రావడం ఎస్తేరు చూసింది. ఎవరికీ చెప్పలేదు. ఎనిమిదేళ్ళయింది, నాయినకు కూడా చెప్పలేదు. జీడిమెట్లలో రాత్రి షిఫ్టు దిగి వచ్చి పరుగు కబుర్లన్నీ అడిగి తెలుసుకునే సాలోమోనుకు కూతురు దాచిన మొదటి కబురు అదే.

ఒకరి రహస్యం దాచినందుకు తన రహస్యం ఇచ్చేయాలనిపిస్తుంది కాబోలు. మేడ్చల్ నుంచి వచ్చే బస్సులో, ఒక ఓటమి తర్వాత, కిటికీ ఊచకు తల ఆనించి ఎస్తేరు చెప్పింది. ఆఖరి రెండొందల మీటర్లలో వెనక అడుగుల చప్పుడు వినబడుతుంది కదా, అది దగ్గరయ్యేకొద్దీ గుండె పగిలిపోతుందేమో అనిపిస్తుంది. "గప్పుడు ఎవరన్న దాటిపోతే పానం నిమ్మళమైతదక్కా. గెలిచేటప్పుడు గూడ గంత నిమ్మళం ఉండది." ఈ మాట చెబితే ఏ సారైనా ఆ రోజే సంచి సర్దుకోమంటాడు. వినోద ఎస్తేరు చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని దిగేదాకా పట్టుకుని కూర్చుంది. అవును, మాట్లాడకుండా వినోద కూర్చున్నది ఆ రోజొకటి.

తర్వాత వినోదకు రైల్వేలో ఉద్యోగం వచ్చింది, సారు మారాడు, బనీను రంగు మారింది. మారనీ. అందులో తప్పేముంది. పోయినేడు చెన్నైలో ఇలాంటి షామియానాయే, ఇలాంటి ప్లాస్టిక్ కుర్చీలే. వినోద వచ్చి పక్కన కూర్చుంది. ఏదో జింక మాట అంటుందని ఎస్తేరు ముందే నవ్వు సిద్ధం చేసుకుంది. వినోద చెవి దగ్గరగా వంగి, మెత్తగా, "భయపడకే. ఆఖర్ల నేను దాటిపోత. నీ పానం నిమ్మళమైతది," అంది. అంతే. ఆ రోజు ఎస్తేరు కాళ్ళు తనవి కాకుండా పోయాయి. అడుగుల చప్పుడు వినబడ్డప్పుడల్లా ఆ గొంతు వినబడింది. వినోద దాటింది, ఆమె వెనక ఇంకొకరు దాటారు, ఇంకొకరు, ఆఖరికి అందరూ దాటారు. వినోద మూడోది, ఎస్తేరు ఎనిమిదోది. రైల్లో వచ్చేటప్పుడు పై బెర్తు మీద గోడ వైపు తిరిగి పడుకుని ఎస్తేరు ఏడవలేదు. ఏడుపు వచ్చి ఉంటే బాగుండేది.

ఆ రాత్రే ఒక మాట తయారు చేసుకుంది. ఏడాది పొడుగునా రోడ్డు మీద ఉరుకుతూ దాన్ని అరగదీసి సాన పట్టింది. "అక్కా, కడుపు మంచిగున్నదా? తోటల అయినట్టు గాకుంటె సాలు." చూడడానికి పలకరింపులా ఉంటుంది. నవ్వుతూ అనవచ్చు. ఎనిమిది మంది ముందు, చుట్టూ తిరిగే పత్రికల వాళ్ళు వినేట్టు. లారీ వెళ్ళినప్పుడల్లా ఆ చప్పుడులో గట్టిగానే అని చూసుకునేది. అక్కా, కడుపు మంచిగున్నదా. ఈ మధ్య పేపర్లో ఆటల పేజీలో అడుగున చిన్న అక్షరాల్లో వినోద పేరు కనబడుతూ వచ్చింది. నాలుగోది. ఆరోది. ఒకచోట ఫైనలుకే రాలేదు. మొదటిసారి చూసినప్పుడు ఎస్తేరుకు తియ్యగా ఉండింది. రెండోసారి అంత తియ్యగా లేదు. మూడోసారి పేపరు మడిచి నాయిన కంటబడకుండా బియ్యం డబ్బా వెనక పెట్టింది, ఎందుకు పెట్టిందో తెలియలేదు.

ఇప్పుడు వినోద ఎదురుగా ఉంది. నాలుగు అడుగులు. మాట నాలుక కొసన ఉంది. వినోద రైల్వే బనీను ముందువైపు నంబరు కాగితం ఊడిపోయి వేలాడుతోంది. ఆమె పిన్నీసు తీసి పెట్టుకోబోయింది. సూది గుడ్డలోకి దిగడం లేదు. మళ్ళీ గుచ్చింది, వేలికి దిగింది. వేలు నోట్లో పెట్టుకుని చప్పరించి మళ్ళీ మొదలుపెట్టింది. చేతులు వణుకుతున్నాయి. మొహంలో నెత్తురు లేదు, పెదవులు తెల్లగా ఉన్నాయి. ఆ పందిరి కింద చూసిన మొహమే. కానీ అప్పుడు కక్కుకున్నాక ఒక మాట వచ్చింది, ఆ మాట ఆమెను నిలబెట్టింది. ఇప్పుడు మాట రావడం లేదు. ఇది చాలు, అనుకుంది ఎస్తేరు. తను ఏమీ అననక్కరలేదు. ఇట్లాగే కూర్చుంటే ఈ మనిషి గీత దాకా నడవలేదు. నారాయణ సారు చెప్పినట్టు నోరు మూసుకుని కూర్చుంటే ఎనిమిది మందిలో ఒకరు తగ్గినట్టే. విమానం, జట్టు కోటు, నాయిన షిఫ్టులో అందరికీ పంచే మిఠాయి. ఏడాది సాన పట్టిన మాట అవసరమే లేకుండా పోయింది. దానికి సంతోషించాలి కదా. సంతోషం రావడం లేదు. ఎవరిని ఓడించాలని ఏడాది లారీల మధ్య ఉరికింది? ఈ వణికే చేతుల్నా? జింకను పోటీకి పిలిచిన మనిషిని కదా. ఆ మనిషి రాకపోతే ఈ పరుగు ఎవరితో?

ఎస్తేరు లేచి వెళ్ళి వినోద ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆమె చేతిలోంచి పిన్నీసు తీసుకుంది. వినోద బిగుసుకుపోయింది, దెబ్బ తినడానికి సిద్ధమైనట్టు కళ్ళు సగం మూసింది. ఆమెకూ తెలుసన్న మాట, ఎస్తేరు దగ్గర ఏముందో, ఇవాళ అది బయటికి రావచ్చని. ఎస్తేరు పిన్నీసు గుచ్చింది. ఒకటి. రెండోది. నాలుక కొసన ఉన్నదాన్ని మింగి, ఇంకో మాట కోసం వెతుక్కుంది. తనకు ఇది అలవాటు లేదు.

"అక్కా," అంది. "మైకు ఆయనకు చెప్పొచ్చిన. గెలుపు గీత కాడ తాడు జల్దీ విప్పొద్దని. మా అక్క ఎనక నుంచి వస్తది, మెల్లగ వస్తది, వచ్చేదాక ఉంచుండ్రి అని."

వినోద కళ్ళు తెరిచింది.

"పొద్దుగూకుతదేమో అన్నడాయన. పర్వాలే, మా నాయిన తాన టార్చిలైటు ఉన్నదన్న."

వినోద ఆమెను చాలాసేపు చూసింది. "గీ మాటలు ఎవరు నేర్పిన్రే నీకు?"

"నువ్వే గద."

"సరిగ నేర్వలే. మాట అనేటప్పుడు ఎదుటోళ్ళ కండ్లల్లకు సూడాలె. నువ్వు పిన్నీసు దిక్కు సూస్తున్నవ్."

ఎస్తేరు తలెత్తి కళ్ళలోకి చూసింది. వినోద మొహం పక్కకు తిప్పుకుని, గట్టిగా ముక్కు చీది, ఇంకా ముక్కు మూసుకునే ఉన్న కేరళ అమ్మాయి వైపు చూసింది. "ఓ చెల్లె," అంది. మొదట గొంతు బొంగురుగా వచ్చింది, తర్వాత సరైంది. "ముక్కు ఇడువు. ఇది మా ఊరి గాలి. మేము దీన్ని పీల్చి పెరిగినోళ్ళం, మాకు మల్లెపూల లెక్క. నువ్వు రెండు రౌండ్లు దీన్నే పీల్చాలె, ఇప్పటి సందే అలవాటు చేసుకో." కేరళ అమ్మాయి చెయ్యి దించి, నవ్వి, థాంక్యూ అక్కా అంది. ఎస్తేరు నవ్వు ఆపుకోలేక వినోద మోకాలి మీద తల పెట్టేసింది. కుర్చీలో కూర్చున్న అధికారి, సైలెన్స్ ప్లీజ్, అన్నాడు. వినోద ఆయనకు కూడా నమస్కారం పెట్టి, "మీరు జర వాచి సూసుకుంట ఉండుండ్రి సార్, మేము పోయి రెండు నిమిషాలల్ల వస్తం," అంది. ఆమె పెదవుల్లోకి రంగు తిరిగింది. ఏం చేశానురా దేవుడా, అనుకుంది ఎస్తేరు అది చూసి. కానీ ఆ భయం కింద ఇంకేదో ఉంది, వేడిగా, ఎగరడానికి సిద్ధంగా.

తుపాకీ పేలింది. మొదటి రౌండు అందరూ ఒకరి మోచేతులు ఒకరికి తగులుతూ, కేరళ అమ్మాయి ముందు, ఆమె భుజం పక్కన పంజాబు పిల్ల, తను మూడు, ఎండ వాలి ట్రాక్ మీద నీడలు పొడుగ్గా పడి, ఎవరి నీడ ఎవరిదో తెలియకుండా కలిసిపోయి. ఆఖరి రౌండు గంట మోగింది. నారాయణ సారు కంచె అవతల నుంచి అంకెలేవో అరిచాడు, అరవై ఒకటో అరవై రెండో, గాలికి పోయింది. ఎదుటి గాలి. వాసన గొంతులో దిగింది, షిఫ్టు దిగి వచ్చిన నాయిన చొక్కాలా, ఇంటిలా. పంజాబు పిల్ల జారిపోయింది. రెండొందల మీటర్లు మిగిలాయి. ఎస్తేరు కేరళ అమ్మాయిని బయటి వైపు నుంచి అందుకుని మలుపులో దాటింది, ఇంత తేలిగ్గానా అనుకుంది, ముందు ఎవరూ లేరు, ఖాళీ ఎర్రనేల. అప్పుడు వినబడింది. వెనక అడుగులు. ఎడమ కాలు కొంచెం బరువుగా పడే ఆ అడుగులు వెయ్యింట్లో ఉన్నా గుర్తుపడుతుంది. ఏళ్ళ తరబడి ఆ కాలి వెనకే ఉరికింది. దగ్గరవుతున్నాయి. వచ్చేస్తుంది ఇప్పుడు, ఆ నిమ్మళం వచ్చేస్తుంది, మోకాళ్ళలోంచి మొదలై నడుము దాకా పాకే ఆ తియ్యటి నీరసం, దానికోసం ఎదురుచూసింది, గుండె పగిలిపోతుండగా. గీతకు ఇరవై మీటర్లు. భుజం పక్కన రైల్వే బనీను. పది. వినోద దాటింది. నిమ్మళం రాలేదు. మంట వచ్చింది. అరికాళ్ళ నుంచి నెత్తి దాకా మంట, నా ముందు ఎట్ల పోతవే, నా ముందు, అని పళ్ళ మధ్య నుంచి ఎవరో అంటున్నారు, అది తనే. ఇంతకుముందు ఎన్నడూ లేని ఒక అడుగు ఎక్కడినుంచో వచ్చింది, ఇంకొకటి, ఇంకొకటి, రొమ్ము ముందుకు విసిరి గీత మీద పడింది.

చర్మం గీరుకుపోయిన మోచేతుల మీద బోర్లా పడి ఉండగా బోర్డు మీద అంకెలు వచ్చాయి. వినోద. ఎస్తేరు. ఇద్దరికీ మధ్య సెకనులో వందోవంతులు నాలుగు. కేరళ అమ్మాయి మూడు. విమానం వినోదకు. అది తెలిసింది, అయినా ఇంకా లోపలికి దిగలేదు, రేపు పొద్దున ఇంట్లో నాయిన మొహం చూసినప్పుడు దిగుతుందేమో.

నారాయణ సారు కంచె దాటి వచ్చాడు. కోపంతో ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. "నేను అంత సూసిన. పిన్నీసు పెట్టినవ్. మాట్లాడినవ్. సచ్చిన పాము లెక్క కూసున్నదాన్ని లేపినవ్. నోరు మూసుకొని కూసుంటే ఇయ్యాల నీదే గదనే."

"నాదే సార్," అంది ఎస్తేరు.

ఆయన ఇంకేదో అనబోయి, చేతిలో ఉన్న వాచీ చూసుకుని ఆగాడు. ఆమె ఇంతకుముందు ఎప్పుడూ ఉరికినదాని కన్నా దాదాపు రెండు సెకన్లు తక్కువ. ఆయన వాచీని ఆమె మొహం ముందు పెట్టి, తన తువ్వాలు ఆమె భుజాల మీద కప్పి, మొహం తుడుచుకుంటూ కంచె వైపు వెళ్ళిపోయాడు.

వినోద పాకినట్టుగా వచ్చి పక్కన కూలబడింది. "పోయినేడు నేనన్న మాట," అంది వినోద, ఆగింది. మాటలకు ఎన్నడూ కరువు లేని మనిషి నాలుకతో పెదవులు తడుపుకుంది.

పోనీలే అక్కా, అనే మాట ఎస్తేరు నోటిదాకా వచ్చింది. అంటే అయిపోతుంది, ఇద్దరూ నవ్వుకోవచ్చు. కానీ అది నిజం కాదు. ఇవాళ ఈ మనిషికి అబద్ధం చెప్పాలనిపించలేదు. "మస్తు నొచ్చిందక్కా," అంది. "యాడాదంత నొచ్చింది."

"ఎరుకే," అంది వినోద. "ఆ దినం నువ్వు గీత దాటి వస్తుంటె నీ మొకం సూసిన. గప్పటి సంది ఎవర్నన్న ఏమన్న అందామని నోరు తెరిస్తె ఆ మొకమే కనబడ్తది. రైల్వోళ్ళు నాకు దిష్టి తగిలిందన్నరు." గడ్డం మీది చెమటను బనీనుతో తుడుచుకుంది. "తప్పయింది పిల్లా."

ఎస్తేరుకు నొప్పి అక్కడే ఉంది, కానీ దాని పక్కన ఇప్పుడు ఇంకొకరు కూర్చున్నారు. మైకులో బహుమతుల కోసం ముగ్గురి పేర్లు పిలిచారు. లేవాలి. ఇద్దరి కాళ్ళూ మాట వినడం లేదు. ఒకరి భుజం ఒకరు పట్టుకుని సగం లేచి, మళ్ళీ కూలబడ్డారు.

"జరసేపు కూసుందాం," అంది ఎస్తేరు.

వినోద తలూపి ఆమె వీపుకు వీపు ఆనించింది. మైకులో వాళ్ళ పేర్లు రెండోసారి పిలిచారు.